భుజాలు తడుముకున్నవాడల్లా దొంగేనా?



గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట! ఈ సామెత మీరు వినే ఉంటారు. ఎవరినో ఒకరిని ఎప్పుడో అనే ఉంటారు. నేనూ అన్నాను. తప్పు చేసినవాడి ఒళ్లే వాణ్ణి పట్టిస్తుందని దాని భావం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ సామెత ఒక మనిషి మీద పడి కూచుంటే ఎలా ఉంటుందో ఈమధ్య దగ్గరగా చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు మీతో పంచుకుంటున్నాను.

పోయిన వర్షాకాలం ఒక ఆదివారం, విహారంలో వందన అయ్యాక అందరూ టీ తాగుతుంటే మా పేట కుర్రాడొకడు నన్ను పక్కకి పిలిచాడు. బంగారం తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చే ఒక ప్రైవేటు కంపెనీ బ్రాంచిలో క్యాషియర్‌గా చేస్తున్నాడు. అక్కడ ఒక నగల ప్యాకెట్ కనబడకుండా పోయింది. లాకరు గదిలోకి వెళ్లగలిగేవాళ్లు నలుగురు. పోలీసులు స్టేషన్‌కి మొదట పిలిచింది ఇతన్నే. "లై డిటెక్టర్ టెస్టుకి ఒప్పుకుంటావా? తప్పు చెయ్యనివాడివి, నీకు భయమెందుకు?" అన్నారట.

"అన్నా, నేను తియ్యలేదు. కానీ నాకు పానిక్ డిజార్డర్ ఉందని మీకు తెలుసుగా. స్టేషన్ గుమ్మం చూస్తేనే గుండె దడదడలాడింది. ఆ కుర్చీలో కూచుంటే నా గుండే నన్ను దొంగని చేస్తుంది. కూచోనంటే మనుషులు దొంగని చేస్తారు" అన్నాడు. ఆ తర్వాత మూడు ప్రశ్నలు వేశాడు. టెస్టు వద్దంటే నాలుగో శీలం తప్పినట్టేనా? మాత్ర వేసుకుని వెళితే మోసమా? టెస్టు గట్టెక్కేలా ఆనాపానసతి నేర్పుతారా?

నేను ఆ పూట జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో ముందు ఒప్పుకోవాలి.

నేను చెప్పిన అబద్ధం

నాకూ ఆ జబ్బు ఉంది. పన్నెండేళ్ల కిందట ఒక సభలో వేదిక మీద కూచుని ఉండగా మొదటిసారి వచ్చింది. ఉన్నట్టుండి గుండె కొట్టుకునే వేగం పెరిగిపోయింది. ఊపిరి అందలేదు. అరచేతులు చెమటతో తడిసిపోయాయి. ఛాతీ పట్టేసింది. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీస్తే అంతా మామూలే. పావుగంటలో తగ్గింది. రెండోసారీ అంతే. మూడోసారి వచ్చాక ఒక డాక్టరమ్మ ఓపికగా కూచోబెట్టి చెప్పింది: పులి ఎదురైతే పరిగెత్తడానికి శరీరం ఎలా సిద్ధమవుతుందో, ఇక్కడా అలాగే సిద్ధమవుతోంది. తేడా ఒక్కటే, ఎదురుగా పులి లేదు. ఆ తర్వాత మనిషిని తినేది ఆ దాడి ఒక్కటే కాదు, మళ్లీ ఎప్పుడొస్తుందో అన్న భయం కూడా. మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది, తగ్గుతుంది అంది. చాలావరకు తగ్గింది కూడా.

మరి నేనేం చేశాను? ఉద్యమంలో ఉన్నవాడికి భయమేంటి అంటారని, తోటివాళ్లకి "గ్యాస్ ట్రబుల్" అని చెప్పాను. ఒకసారి కాదు, ఏళ్ల తరబడి చెప్పాను. పంచశీల నలుగురి చేత పలికించే నోటితోనే చెప్పాను. చెప్పేటప్పుడు నా గుండె ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టుకోలేదు. అరచెయ్యి తడవలేదు. హాయిగా టీ తాగుతూ చెప్పాను.

ఆ కుర్రాడు నిజం చెబుతూ వణుకుతున్నాడు. నేను అబద్ధం చెబుతూ నిమ్మళంగా ఉన్నాను. ఏ యంత్రమైనా మా ఇద్దరిలో ఎవర్ని పట్టుకుంటుంది? మీరే ఆలోచించండి.

యంత్రం చూసేదేంటి?

లై డిటెక్టర్ అని మనం అనేదాని అసలు పేరు పాలిగ్రాఫ్. ఛాతీకి, పొట్టకి చుట్టిన పట్టీలు ఊపిరిని నమోదు చేస్తాయి. చేతికి కట్టిన బీపీ పట్టీ రక్తపోటునీ నాడినీ చూస్తుంది. వేళ్లకి తగిలించిన చిన్న బిళ్లలు చెమటను పసిగడతాయి. అంతే. అబద్ధాన్ని కొలిచే ముల్లు అందులో ఎక్కడా లేదు. గీతలు చూసి, ఇది అబద్ధం అని చెప్పేది యంత్రం కాదు, దాని ముందు కూచున్న మనిషి.

భయం ఎవరికైనా ఉంటుంది కదా, అందుకే ఒక ప్రశ్నకీ ఇంకో ప్రశ్నకీ తేడా చూస్తాం అని ఆ పరీక్ష చేసేవాళ్లు అంటారు. సరే. మామూలు ప్రశ్నకి కదలని గీత "ప్యాకెట్ నువ్వే తీశావా?" అన్నప్పుడు ఎగిరితే అనుమానిస్తారు. కానీ పానిక్ ఉన్నవాడి భయం ఒకే మట్టంలో ఉండదు, అలలా లేస్తుంది. "తీశావా" అన్న మాటకే లేస్తుంది. ఎందుకంటే వాడి ఉద్యోగం, వాళ్లమ్మ పరువు, వాడి బతుకు అన్నీ ఆ మాట మీదే వేలాడుతున్నాయి. దొరికిపోతానన్న దొంగ భయానికీ, నన్ను నమ్మరేమోనన్న నిర్దోషి భయానికీ చెమట ఒకటే.

1921లో అమెరికాలోని బర్కిలీ పోలీసు శాఖలో జాన్ లార్సన్ అనే ఆయన ఇలాంటి యంత్రాన్ని వాడకంలోకి తెచ్చాడు. 1923లోనే, హత్య కేసులో ఇరుక్కున్న జేమ్స్ ఫ్రై అనే నల్లజాతి యువకుడి విషయంలో, రక్తపోటు చూసి నిజం తేల్చే పరీక్షను అక్కడి కోర్టు సాక్ష్యంగా ఒప్పుకోలేదు. ఆ యువకుడికి అనుకూలంగా వచ్చిన ఫలితమది, అయినా ఒప్పుకోలేదు. 2003లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఈ విద్యను తరచి చూసి, దీని శాస్త్రీయ పునాది బలహీనమని తేల్చింది. అమెరికా గూఢచారి సంస్థలో పనిచేస్తూ సోవియట్లకి రహస్యాలు అమ్ముకున్న ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోనూ, 1991లోనూ ఈ పరీక్ష గట్టెక్కాడు. 1994లో గానీ పట్టుబడలేదు. నిబ్బరంగా అబద్ధమాడగలిగినవాడు బయటపడ్డాడు. వణికేవాడి సంగతేంటి?

పాత దివ్యం, కొత్త కుర్చీ

ఇది అమెరికా నుంచి వచ్చిన కొత్త విద్య అనుకోకండి. దీని ఆలోచన మన దేశంలో పాతదే. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం తీసి చూడండి. మనిషి గొంతు, రంగు, కళ్లు, చేష్టలు చూసి లోపలి భావాన్ని పసిగట్టమని న్యాయం చెప్పేవాడికి అందులో చెప్పారు. యాజ్ఞవల్క్య స్మృతి ఇంకా వివరంగా చెబుతుంది. ఒకచోట నిలవలేకపోవడం, పెదాల మూలలు నాక్కోవడం, నుదుట చెమట, మొహం రంగు మారడం, నోరెండడం, మాట తడబడటం, ఇవన్నీ దుష్టుడి గుర్తులట! చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. మా డాక్టరమ్మ పానిక్ లక్షణాలని చెప్పినవాటిలో సగం ఇవే.

ఆ గుర్తులు చాలకపోతే దివ్యాలు. నిప్పు, నీళ్లు, విషం, తక్కెడ. అందులోనూ వర్ణమే. యాజ్ఞవల్క్యుడు బ్రాహ్మణుడికి తక్కెడ పెట్టి, శూద్రుడికి నిప్పో నీళ్లో విషమో పెట్టాడు. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి, స్త్రీలనీ పిల్లలనీ ముసలివాళ్లనీ రోగులనీ కూడా తక్కెడ వైపే ఉంచాడు. రోగిని నిప్పులో నిలబెట్టకూడదని ఆ శాస్త్రానికే తోచింది. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ ఆధ్వర్యంలో మనుస్మృతిని తగలబెట్టారు. పుస్తకం కాలింది. మనిషిని చూపులతో తూచే అలవాటు కాలిందా?

వణికేది ఎవరు? ఖాకీ చొక్కాని చూస్తే ఎవరి ఒళ్లు ముందు వణుకుతుంది? 1871 నేరస్థ జాతుల చట్టం ఈ దేశంలో కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరగాళ్లని రాసిపెట్టింది. మన స్టువర్టుపురం అలా కట్టిన సెటిల్‌మెంటే. 1952లో ఆ చట్టం పోయింది. ఊరి పేరు చెబితే ఎగాదిగా చూడటం ఇంకా పోలేదు. తాతని, తండ్రిని, కొడుకుని వరసగా "ఎక్కడికెళ్లావురా రాత్రి" అని అడిగిన ఇంట్లో పిల్లాడు భుజాలు తడుముకోక ఏం చేస్తాడు? ఆ వణుకు నేరం గుర్తు కాదు. తరతరాలుగా నిందపడ్డ గుర్తు.

ధమ్మం ఏమంటుంది?

మన నాలుగో శీలం ముసావాదా వేరమణి. అబద్ధం అంటే ఏమిటో వినయంలో స్పష్టంగా ఉంది. సంపజాన ముసావాదం, అంటే తెలిసి, ఎదుటివాణ్ణి మోసం చెయ్యాలనే ఉద్దేశంతో ఆడే మాట. ధమ్మంలో కర్మకి మూలం చేతన, అంటే సంకల్పం. గుండె దడ సంకల్పం కాదు. చెమట సంకల్పం కాదు. అది వేదన, వచ్చిపోయే అనుభవం. వేదనని పట్టుకుని చేతన మీద తీర్పు చెప్పడం ధమ్మం ప్రకారం పొరపాటు.

భయం పాపమా? భయభేరవ సుత్తం చూడండి. ఇంకా బుద్ధుడు కాకముందు తాను అడవిలో ఒంటరిగా ఉన్న రాత్రుల గురించి భగవానుడే జానుస్సోణి అనే బ్రాహ్మణుడికి చెప్పాడు. జింక వచ్చినా, నెమలి పుల్ల విరిచినా, గాలికి ఆకులు గలగలమన్నా భయం కలిగేదట. నడుస్తుండగా భయం వస్తే, అది తగ్గేదాకా నిలబడలేదు, కూచోలేదు, నడుస్తూనే ఉన్నాడట. నాకు భయమే తెలీదు అని ఆయన చెప్పుకోలేదు. వచ్చింది, ఇలా దాటాను అన్నాడు. ఆయన దాచనిదాన్ని నేను గ్యాస్ ట్రబుల్ అని దాచాను!

మరి నిజాన్ని ఎలా పరీక్షించాలి? రాహులుడికి అబద్ధం గురించి చెప్పినప్పుడు బుద్ధుడు అద్దం ఉపమానం తీసుకున్నాడు. అద్దంలో చూసుకున్నట్టు నీ పనిని చెయ్యకముందు చూసుకో, చేస్తున్నప్పుడు చూసుకో, చేశాక చూసుకో అన్నాడు. చూడాల్సింది పనిని, నాడిని కాదు.

నింద పడటం అంటే ఏమిటో బుద్ధుడికీ తెలుసు. సుందరి అనే పరివ్రాజికని చంపించి, జేతవనం దగ్గర పూడ్చి, ఆ నేరం శాక్య భిక్షువుల మీద వేశారు తీర్థికులు. సావత్థిలో భిక్షకి వెళితే జనం తిట్టారు. ఈ మాట ఏడు రోజులే ఉంటుంది అన్నాడు బుద్ధుడు. నిజం ఎలా బయటపడిందో అట్ఠకథల్లో ఉంది. హంతకులు తాగి, డబ్బు దగ్గర గొడవపడి, నోరు జారితే రాజభటులు పట్టుకున్నారు. బాబాసాహెబ్ కూడా తన 'బుద్ధుడు - అతని ధమ్మం'లో ఈ ఘట్టం చెప్పారు. భిక్షువుల మొహాలు పాలిపోయాయా అని ఎవరూ చూడలేదు. చంపినవాళ్లెవరో వెతికారు.

మూడు ప్రశ్నలకి జవాబులు

వారం తర్వాత ఆ కుర్రాణ్ణి ఇంటికి పిలిచి నాకు తోచింది చెప్పాను. ముందుగా నా జబ్బు సంగతి చెప్పాను.

ఒకటి, టెస్టు వద్దంటే శీలం తప్పినట్టా? కాదు. నిజం చెప్పడం నీ బాధ్యత. నీ నాడిని తాకట్టు పెట్టడం నీ బాధ్యత కాదు. నోరు తెరిచి నిజం చెప్పు, అడిగిన లెక్కలు చూపించు. అంతవరకే శీలం. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. ఇష్టం లేకుండా ఎవరికీ పాలిగ్రాఫ్, నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చెయ్యకూడదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవర్నీ బలవంతం చెయ్యకూడదన్న రాజ్యాంగం 20(3) అధికరణం, వ్యక్తి స్వేచ్ఛకి సంబంధించిన 21వ అధికరణం దానికి ఆధారం. ఒప్పుకుని కూచున్నా ఆ ఫలితం దానంతటదే సాక్ష్యం కాదు. కానీ ఆ పరీక్ష సాయంతో తర్వాత ఏదైనా దొరికితే అది కోర్టులో చెల్లవచ్చు. అందుకే లాయర్ని అడగకుండా సంతకం పెట్టకూడదు. ఒప్పుకునేవాళ్లకి లాయరు అందుబాటులో ఉండాలని, సమ్మతిని మేజిస్ట్రేటు ముందు నమోదు చెయ్యాలని 2000 సంవత్సరంలో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాటిని పాటించాలని కోర్టు ఆ తీర్పులోనే చెప్పింది.

రెండు, మాత్ర వేసుకుంటే మోసమా? డాక్టరు రోజూ వేసుకోమన్న మాత్ర వేసుకోవడం మోసం ఎలా అవుతుంది? షుగరున్నవాడు ఇన్సులిన్ తీసుకుంటే మోసమా? దాచడం మాత్రం తప్పు. ఎప్పుడైనా ఆ కుర్చీలో కూచోవాల్సి వస్తే, నాకీ జబ్బుంది, ఈ మందు వాడుతున్నాను అని ముందే చెప్పి, రాయించు. టెస్టు కోసం మందు మానెయ్యొద్దు. టెస్టు కోసం కొత్త మందు మింగొద్దు.

మూడు, ఆనాపానసతి. ఇక్కడ నేను గట్టిగా వద్దన్నాను. యంత్రాన్ని ఏమార్చడానికి ఊపిరిని బిగపట్టడం ఆనాపానసతి కాదు. ఆనాపానసతిలో ఊపిరిని ఉన్నదున్నట్టు తెలుసుకుంటాం, మార్చి చూపించం. పైగా ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూచుంటే టెస్టుని తప్పించుకోజూస్తున్నావనే అంటారు. నీ కోసం నేర్చుకుంటానంటే నేర్పుతాను, పరీక్ష కోసం కాదు. ఇంకో సంగతి, పానిక్ ఉన్న కొందరికి కళ్లు మూసుకుని ఊపిరి గమనిస్తే దడ ఇంకా పెరుగుతుంది. నాకూ పెరిగింది. అలాంటివాళ్లు చంక్రమణంతో, అంటే నడక ధ్యానంతో మొదలుపెట్టడం మంచిది. అడవిలో ఆయన చేసిందీ అదే, నడిచాడు. ధ్యానం మందుకి బదులు కాదు, మందుతో పాటే.

సల్ల సుత్తంలో రెండు బాణాల మాట ఉంది. ఒంటికి తగిలే బాధ మొదటి బాణం. దాని గురించి మనసులో కుమిలిపోవడం రెండోది. ఈ జబ్బులో దడ మొదటి బాణం. "దడ వచ్చింది కాబట్టి నాలో ఏదో తప్పుంది" అనుకోవడం రెండోది. మరి మన చుట్టూ ఉన్నవాళ్లు వేసేదాన్ని ఏమనాలి? మూడో బాణం అంటాను నేను. అది సుత్తంలో లేదు, మన పేటలో ఉంది.

ఇప్పుడు అతను

అతను టెస్టుకి ఒప్పుకోలేదు. లాయరు ద్వారా ఆ మాట రాసిచ్చాడు. డాక్టరు కాగితం జత చేశాడు. లాకరు రిజిస్టరు, తాళాల రిజిస్టరు, సీసీ కెమెరా రికార్డు చూడమని అందులోనే అడిగాడు. కేసు ఇంకా నడుస్తోంది. కంపెనీ అతన్ని పనికి రావద్దంది. వాళ్లమ్మ మా వీధిలోంచి నడవడం మానేసి వెనక సందులోంచి వెళుతోంది.

అతను తియ్యలేదని మీకెలా తెలుసు అని నన్ను అడిగినవాళ్లున్నారు. నాకు తెలీదు. అతని మనసులోకి నేను వెళ్లి చూడలేదు. చూడగలిగే యంత్రం ఎవరి దగ్గరా లేదు. నాకు తెలిసిందల్లా అతను చిన్నప్పటి నుంచి ఎలా బతికాడో, ఏ లెక్క అడిగినా ఎలా చూపించాడో. దాన్ని బట్టి నమ్ముతున్నాను. రేపు రిజిస్టరులో వేరే మాట కనబడితే దాన్నీ చూస్తాను. విన్నంత మాత్రాన నమ్మకండి, స్వయంగా తెలుసుకోండి అన్న కాలామ సుత్తం మార్గం ఇదే కదా.

నాకు బాధ కలిగించింది వేరే ఉంది. మొన్న విహారంలోనే టీ దగ్గర ఒకాయన అన్నాడు: "గుమ్మడికాయల దొంగ..." అని. మిగతాది పూర్తి చెయ్యలేదు. అక్కర్లేకుండానే నలుగురు నవ్వారు. ఆ కుర్రాడు గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి వందనకి రావట్లేదు.

ఉపాసకులారా, ఉపాసికలారా, బూడిద గుమ్మడికాయ మోసి చూశారా ఎప్పుడైనా? దాని మీది తెల్లటి పొడి భుజానికి అంటుకుంటుంది. దొంగని పట్టుకోవాలంటే భుజం మీద బూడిద ఉందో లేదో చూడాలి. చెయ్యి భుజం మీదికి వెళ్లిందా అని కాదు. దొంగ అన్న మాట జీవితమంతా విన్నవాడి చెయ్యి వెళ్లనే వెళుతుంది. మనలో ఎవరి చెయ్యైనా వెళుతుంది.

ఈ ఆదివారం వందనకి ముందు నేను అతని ఇంటికి వెళుతున్నాను, పిలుచుకురావడానికి. ఆ నవ్విన నలుగురిలో ఒక్కరైనా నాతో వస్తే బాగుంటుంది. వందన అయ్యాక నా గ్యాస్ ట్రబుల్ సంగతి కూడా అందరి ముందూ చెబుతాను. అప్పుడు నా గుండె దడదడలాడుతుందేమో. ఆడనివ్వండి, ఆ మాట మాత్రం నిజమే అవుతుంది.

జై భీమ్. నమో బుద్ధాయ.